కాలువ నిండాక తెనాలి

మెట్ట రైతు చేతికి తీరిక దొరికే ఆశ్లేష ముసురులో, నాటకాల ఊరికి మూడు రోజుల ప్రయాణం

ఆశ్లేష కార్తె వచ్చేసరికి మా మెట్టలో ఓ వారం పదిరోజులు పని తగ్గుతుంది. పత్తి మోకాలెత్తు పెరిగి ఉంటుంది. గుంటక తోలడం, కలుపు తీయించడం ఒక విడత అయిపోయి ఉంటుంది. మిరప నారు ఇంకా మడిలోనే ఉంటుంది. పీకి నాటాలంటే మఖ రావాలి. ఈలోగా ముసురు పట్టిందంటే చేలోకి దిగే మాటే లేదు. నల్లరేగడిలో అడుగు వేస్తే చెప్పు లోపలే ఉండిపోతుంది, పైకి తీసిన కాలికి శేరు మట్టి అంటుకొస్తుంది. యూరియా గోతాన్ని మడిచి తలమీద కప్పుకుని, టీ బడ్డీ దగ్గర బల్లమీద కూర్చుని మబ్బు వంక చూస్తూ ఉండాల్సిందే.

మా నాయనమ్మ సరిగ్గా ఆ వారంలోనే తెనాలి ప్రయాణం పెట్టుకునేది. చంకలో గుడ్డ మూట. మూటలో ఎండుమిరపకాయలు, చింతపండు ఉండ. అక్కడ మా చుట్టాలకు అవే బంగారం. తిరిగొచ్చేటప్పుడు అదే గుడ్డలో పచ్చి అరటికాయలు, నిమ్మకాయలు, తమలపాకుల కట్ట ఉండేవి. "వాళ్లకి నీళ్లున్నయ్ గానీ కారం లేదు, మనకి కారం ఉంది గానీ నీళ్లు లేవు" అనేది. మూటలో పట్టనిది ఒకటి నోట్లో తెచ్చుకునేది. అక్కడ చూసిన నాటకంలో నాలుగు పద్యాలు. పత్తి తీతల్లోనూ, కల్లంలో మిరపకాయలు ఏరేటప్పుడూ వాటినే పాడుకునేది.

"వానల్లో ప్రయాణమేంటమ్మా, ఎండాకాలం పోరాదూ" అని మా నాన్న కసురుకుంటే ఒకటే జవాబు: "ఎండాకాలం పోతే చూసేదేముందిరా? కాలువలు కట్టేస్తారు."

నేను తెనాలికి ఎండలోనూ వెళ్లాను, వానలోనూ వెళ్లాను. ఆవిడ చెప్పిందే నిజం. ఇంటిల్లిపాదీ కలిసి ఎక్కడికైనా వెళ్లొద్దామని మబ్బుల వంక, పంచాంగం వంక చూస్తున్న మెట్ట ఊళ్ల వాళ్ల కోసం ఈ ప్రయాణం రాస్తున్నాను.

నీళ్లు కట్టిన ఊరు

తెనాలిని ముందు నీళ్లవైపు నుంచి చూడాలి. బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట పని 1852లో మొదలై 1855లో పూర్తయింది. ఆర్థర్ కాటన్ సిఫారసు చేస్తే కెప్టెన్ ఓర్ దగ్గరుండి కట్టించాడు. ఇప్పుడు మనం చూసే ప్రకాశం బ్యారేజీ దాని స్థానంలో 1957 నాటికి వచ్చింది. సీతానగరం వైపు నుంచి బయలుదేరే పశ్చిమ కాలువ దుగ్గిరాల లాకుల దగ్గర చీలి డెల్టా అంతటా పరుచుకుంటుంది. ఆ చీలికల్లో మూడు తెనాలిలోంచి పారుతున్నాయి. ఈ ఊరిని ఆంధ్రా ప్యారిస్ అనడానికి ఆ మూడు కాలువలే కారణమని కొందరంటారు. కళలవల్ల వచ్చిన పేరని మరికొందరంటారు. నన్నడిగితే ఇవి రెండు కారణాలు కావు. కాలువ రాకముందు ఇక్కడి రైతు కూడా మాలాగే మబ్బును నమ్ముకున్నవాడే. నీళ్లు వచ్చాక వరి పండింది. వరి పండాక చేతిలో డబ్బు ఆడింది, కోతలకూ నాట్లకూ మధ్య నికరమైన తీరిక దొరికింది. రైలు వచ్చి ఊరు జంక్షనయింది. 1909లో మునిసిపాలిటీ అయింది. వకీళ్లు, డాక్టర్లు, అచ్చాఫీసులు, నాటక సమాజాలు వచ్చాయి.

నాటకం అంటే ఇక్కడ ఏదో పండగ పూట కాలక్షేపం కాదు. శ్రీరామ విలాస సభ తెనాలిదే. బాపట్లలో 1902లో పుట్టిన స్థానం నరసింహారావు ఆ సభ వేదికమీదే సత్యభామగా, చిత్రాంగిగా, రోషనారాగా ఆడవేషాలు కట్టి తెలుగునేలనంతా ఏలాడు. తులాభారం నాటకంలో సత్యభామ నోట ఈనాటికీ జనం పాడుకునే పాటను రాసుకున్నది కూడా ఆయనే. 1956లో పద్మశ్రీ ఇచ్చారు. దుర్యోధనుడంటే మాధవపెద్ది వెంకట్రామయ్యే అనుకున్న రోజులుండేవి. తెనాలిలో వైద్యం చేసుకుంటున్న గోవిందరాజుల సుబ్బారావు రాత్రిపూట వేషం కట్టేవాడు. 1938లో వచ్చిన మాలపిల్లలోనూ, 1955 నాటి కన్యాశుల్కంలో లుబ్ధావధాన్లుగానూ సినిమా చూసేవాళ్లకు ఆయన గుర్తే. మా నాయనమ్మకు వీళ్లంతా సొంత మనుషుల కింద లెక్క. స్థానం సత్యభామ కొంగు సర్దుకునే తీరు చూపించమంటే, డెబ్బై ఏళ్ల వయసులో కూడా లేచి నిలబడి చూపించేది. కుడి భుజం మీది కొంగును రెండు వేళ్లతో పట్టి, చూపు మాత్రం ఎడమకు తిప్పి, ఒక్క క్షణం ఆగేది. ఆ ఆగడంలోనే నాటకమంతా ఉందనేది.

ఎప్పుడు బయలుదేరాలి

ఉమ్మడి గుంటూరు జిల్లాలో ఏడాది మొత్తానికి సగటున 850 మిల్లీమీటర్ల చిల్లర వాన పడుతుంది. అందులో పెద్ద వాటా నైరుతిదే. ప్రకాశంలో మాత్రం ఈశాన్య రుతుపవనాల వాన నైరుతికి దాదాపు సమానంగా ఉంటుంది. ఒంగోలు వైపు వాళ్లకు అసలు వాన అక్టోబరు, నవంబరుల్లోనే అనిపించడానికి కారణం అదే. కాబట్టి మన ప్రాంతంలో 'వానాకాలం ప్రయాణం' అంటే ఏ కాలమో ముందు తేల్చుకోవాలి.

మృగశిర, ఆరుద్రల్లో కదలలేం. విత్తనం వేసుకునే రోజులు. పైగా కాలువలకు అప్పటికి నీళ్లు పూర్తిగా అందవు. స్వాతి నుంచి మొదలుపెట్టి డిసెంబరు దాకా వాయుగుండాల కాలం. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన కృష్ణకు ఈ పక్కనున్న రేపల్లె తీరాన్నీ వదల్లేదు. ఆ రాత్రి సంగతి చెప్పేటప్పుడు గొంతు తగ్గించి మాట్లాడే పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. ఆ నెలల్లో పిల్లలతో డెల్టా ప్రయాణం పెట్టుకోవద్దు. మధ్యలో మిగిలింది ఆశ్లేష, మఖ. ఇంగ్లీషు లెక్కలో ఆగస్టు 3 నుంచి నెలాఖరు దాకా. అప్పటికి కాలువలు గట్టు నిండా పారుతుంటాయి, నాట్లు పడి ఉంటాయి, వాన ముసురుగానే ఉంటుంది. మఖ, పుబ్బలు వరుపైతే కాటకమే అని మనవాళ్లకు సామెత. అంటే వాన తప్పకుండా పడాల్సిన రోజులన్నమాట.

మా నాన్న తరానికి తెలియని ఒక జాగ్రత్త ఇప్పుడు తెలిసింది. తెనాలి వెళ్లే ముందు తెనాలి ఆకాశం ఒక్కటే చూస్తే చాలదు. ఇక్కడ చినుకు లేకపోయినా శ్రీశైలం, సాగర్, పులిచింతల దాటుకుని వరద రావచ్చు. 2024 సెప్టెంబరు మొదటి రెండు రోజుల్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కుల నీళ్లు కిందికి వెళ్లాయి. అంతకు ముందు 2009 అక్టోబరులో వచ్చిన 11.10 లక్షలే రికార్డు. ఆ రోజుల్లో కొల్లిపర వైపు లంకల్లో అరటి, పసుపు నీళ్ల కింద ఉండిపోయాయి. రైళ్లు ఎక్కడివక్కడ ఆగాయి. బ్యారేజీ దగ్గర 3.97 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకు రెండోది జారీ చేస్తారు. మొదటిది వచ్చిందంటే లంకల వైపు పోవద్దు. రెండోది వచ్చిందంటే ప్రయాణాన్నే వారం వాయిదా వేసుకోండి. టికెట్టు డబ్బులు పోతే పోయాయి.

నన్ను తేదీ చెప్పమంటే ఆగస్టు 11 సాయంత్రానికి తెనాలి చేరండి అంటాను. ఎందుకో 12వ తేదీ దగ్గర చెబుతాను.

దారి

మెట్ట నుంచి తెనాలికి రెండు దారులు. చిలకలూరిపేట, నరసరావుపేట, ప్రత్తిపాడు వైపు వాళ్లు గుంటూరు చేరి అక్కడ రైలు మారడం మేలు. బస్సు త్వరగా చేరుస్తుంది గానీ నారాకోడూరు దాటాక వానలో రోడ్డు తప్ప ఏదీ కనపడదు. రైలయితే మెట్ట డెల్టాగా మారే చోటు కళ్లముందే కనిపిస్తుంది. గుంటూరు వదిలాక వేజెండ్ల, సంగం జాగర్లమూడి, అంగలకుదురు, ఆ తర్వాత తెనాలి. పాతిక కిలోమీటర్లకు మించదు. గుంటూరు దగ్గర పట్టాల పక్కన నేల నల్లగా, పొడి మీద తడిసినట్టు ఉంటుంది. సంగం జాగర్లమూడి వచ్చేసరికి కొమ్మమూరు కాలువ. ఇక అక్కడి నుంచి నీళ్లలోనే పచ్చదనం. ఆ పదిహేను నిమిషాలు ఫోను జేబులో పెట్టి పిల్లల్ని కిటికీ పక్కన కూర్చోబెట్టండి.

వేజెండ్ల చిన్న స్టేషను. రైలు ఆగినా దిగేవాళ్లు కొద్దిమందే. 1939లో కొలకలూరి ఇనాక్ పుట్టింది ఈ ఊళ్లోనే. ఊరి బావిలో నీళ్లు తోడుకునే హక్కు గురించి ఆయన రాసిన 'ఊరబావి' కథ చదివాక కాలువను చూసే చూపు మారిపోతుంది. నీళ్లు ఊరికి రావడం ఒక ఎత్తు, ఆ నీళ్లు ఊళ్లో అందరివీ కావడం ఇంకొక ఎత్తు. రైలు ఎక్కే ముందు ఆ కథ చదువుకోండి. పెద్దది కాదు, గుంటూరు ప్లాట్‌ఫారం మీదే అయిపోతుంది.

ఒంగోలు, చీరాల వైపు నుంచి వచ్చేవాళ్లది మద్రాసు పెద్ద లైను. పినాకిని తెనాలిలో ఆగుతుంది. అయితే తీరిక ఉంటే పాసింజరు ఎక్కి వేటపాలెంలో ఒక పూట దిగండి. 1918లో పెట్టిన సారస్వత నికేతనం గ్రంథాలయం అక్కడ ఉంది. 1929లో గాంధీగారు వచ్చి భవనానికి శంకుస్థాపన చేశారు, అప్పుడు విరిగిన ఆయన చేతికర్రను భద్రంగా దాచి ఉంచారు. వానపూట పాత పత్రికల కట్టలు విప్పుకుని కూర్చోవడానికి అంతకంటే మంచి చోటు ఈ తీరంలో లేదు.

ఇదే లైనులో నిడుబ్రోలు దాటాక, తెనాలికి ముందు చుండూరు వస్తుంది. ఈ స్టేషనును చూడనట్టు దాటిపోవడం నాకు చేతకాదు. 1991 ఆగస్టు 6న, ఇదే ఆశ్లేషలో, ఇక్కడ ఎనిమిది మంది దళితుల్ని చంపి, గోతాల్లో కట్టి కాలువలో పడేశారు. ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టి విచారించి, 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష వేశారు. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. చనిపోయినవాళ్ల సమాధులున్న నేలను అక్కడివాళ్లు రక్తక్షేత్రం అంటారు. ఈ డెల్టా పచ్చదనాన్ని పొగుడుతూ ఇన్ని పేజీలు రాసేవాడు ఈ కాలువ మోసిన ఆ గోతాల సంగతి రాయకుండా దాటవేస్తే, అది ఈ నేలమీద ప్రేమ అనిపించుకోదు. పిల్లలు పెద్దవాళ్లయితే వాళ్లకు చెప్పండి. వీలుంటే దిగి, ఆ నేల దగ్గర కాసేపు నిలబడి రండి.

ఆగస్టు 12

రణరంగ్ చౌక్‌లో ఏడు స్తూపాలున్నాయి. 1942లో క్విట్ ఇండియా పిలుపు వచ్చి నాయకుల్ని జైల్లో వేశాక, ఆగస్టు 12న తెనాలి జనం రోడ్డెక్కారు. రైల్వే స్టేషను తగలబడింది. పోలీసులు కాల్పులు జరిపారు, ఏడుగురు చనిపోయారు. ఏటా ఆ తేదీన అక్కడ పూలు పెడతారు. నేను వెళ్లిన ఏడు పొద్దుటి నుంచీ సన్నటి తుంపర. దండలు తడిసి బరువెక్కి రాళ్లకు అతుక్కుపోయాయి. బడి పిల్లలు గొడుగుల కింద ముగ్గురేసి నిలబడ్డారు. ఒక పెద్దాయన గొడుగు మూసి చంకలో పెట్టుకుని, బట్టతల మీద చినుకులు పడుతుంటే, అక్కడున్నంతసేపూ తడుస్తూనే ఉన్నాడు. ఎవరని నేనడగలేదు. మీరు కూడా ఆ పూటకు కెమెరా బయటకు తీయకపోతే బాగుంటుంది.

చౌక్ దగ్గర నుంచి బోసు రోడ్డు వైపు నడిస్తే జిలేబీ కొట్లు. వానలో ఆ వీధికి వాసనే దారి చూపిస్తుంది. తెనాలి జిలేబీ చక్కెర పాకంది కాదు, బెల్లం పాకంది. నారింజ రంగులో తళతళలాడదు. ముదురు ఎరుపు, కాస్త తడి ఇటుక రంగు. నేను నిలబడ్డ కొట్టులో వేసే మనిషి గుడ్డలో పిండి పోసి, కింద చిల్లి దగ్గర వేలితో ఆపి, నూనెమీదకు తెచ్చి వేలు వదిలాడు. మణికట్టు మూడు చుట్లు తిరిగింది. వేలు మళ్లీ చిల్లిమీదకొచ్చింది. రేకు చూరు మీంచి ఒక చినుకు గాలికి లోపలికొచ్చి నూనెలో పడి చిటపటమంది. తల తిప్పకుండానే మోచేత్తో పట్టాను ఇంకాస్త కిందికి లాగాడు. ఆ చేత్తోనే ఇంకో చుట్ట.

"ఏ ఊరు బాబాయ్ మీది?"

"చిలకలూరిపేట అవతల. మెట్ట."

"వానలెట్టా ఉన్నయ్ మీ వైపు?"

"పడుతున్నయ్. మిరప ఇంకా నాటాలి."

"మాకు నాట్లయిపోయినయ్. ఇంక పడ్డా పడకపోయినా కాలువుంది" అన్నాడు, పాకంలోంచి తీసిన దాన్ని కాగితంలో పెడుతూ.

ఆ చివరి మాట దగ్గరే మెట్టకూ డెల్టాకూ తేడా. మాకు వానంటే అప్పు లెక్క. పడకపోతే పత్తి పూత రాలుతుంది, కాయ పగిలాక పడితే దూది నల్లబడుతుంది, కల్లంలో ఎండబోసిన కాయమీద పడితే మిరప తాలు కిందికి పోతుంది. వానను ఊరికే చూస్తూ కూర్చోవడం మా ఒంటికి అలవాటు లేదు. తెనాలిలో మూడు రోజులుంటే అది కాస్త వస్తుంది. పొద్దున్నే గాంధీ చౌక్ దగ్గర పేపరు పరిచి, వాన తగ్గేదాకా మూడో టీ తాగుతూ, నిన్నటి నాటకంలో ఏ పద్యానికి ఎవడు శ్రుతి తప్పాడో వాదించుకునే మనుషులు ఇంకా ఉన్నారు. పక్కన కూర్చోండి. మాటలో మాట కలిపితే ఏమీ అనుకోరు.

రాసినవాళ్ల వీధులు

ఆగస్టులో వెళ్లమనడానికి ఇంకో కారణం కూడా ఉంది. చక్రపాణిగా పేరుపడ్డ ఆలూరి వెంకట సుబ్బారావు 1908 ఆగస్టు 5న తెనాలి ఐతానగర్‌లో పుట్టాడు. క్షయ వచ్చి మదనపల్లె దగ్గర శానిటోరియంలో పడుకున్న రోజుల్లో బెంగాలీ నేర్చుకుని, శరత్ నవలల్ని తెలుగు ఇళ్లలోకి తెచ్చినవాడు. బి. నాగిరెడ్డితో కలిసి 1947 జులైలో చందమామ మొదలుపెట్టాడు. ఆ చందమామను 1952 నుంచి దిద్ది తీర్చింది కూడా తెనాలివాడే. కొడవటిగంటి కుటుంబరావు 1909లో ఈ ఊళ్లో పుట్టి, 1980 ఆగస్టు 17న పోయేదాకా ఆ పని వదల్లేదు. మా తరానికి అచ్చులో మొదటి తెలుగు కథలు చెప్పింది ఈ ఇద్దరే. కుటుంబరావు 'చదువు' నవల చదివి వస్తే, ఈ వీధుల్లో వందేళ్లనాటి బడిపిల్లాడి వెంట నడుస్తున్నట్టు ఉంటుంది.

కవిరాజు త్రిపురనేని రామస్వామి చౌదరి అంగలూరు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడు. మునిసిపల్ చైర్మనుగా ఉండి గంగానమ్మ జాతరలో జంతుబలి ఆపించాడు. ఓట్లు పోతాయని తెలిసీ ఆ పని చేశాడు. ఆయన తన ఇంటికి పెట్టుకున్న పేరు సూతాశ్రమం. 'అసమర్థుని జీవయాత్ర' రాసిన గోపీచంద్ పెరిగింది ఆ ఇంట్లోనే. చలం చిన్నతనం కూడా ఈ ఊరిదే. దేవుణ్ణి అడ్డంగా ప్రశ్నించినవాళ్లూ, వైకుంఠపురం వెంకన్న దగ్గర బారులు తీరేవాళ్లూ, రామలింగేశ్వరుడి గుడిలో తెనాలి రామకృష్ణుణ్ణి తలచుకునేవాళ్లూ ఒకే సందులో ఉంటూ వచ్చారు. ఈ ఊరు నాకు నచ్చడానికి కారణాల్లో అదొకటి.

సినిమావాళ్ల సంగతి చెప్పబోతే పేజీ చాలదు. బుర్రిపాలెం కృష్ణ, మోరంపూడి జగ్గయ్య, రావికంపాడు గుమ్మడి, జాతీయ ఉత్తమనటి అవార్డు మూడుసార్లు అందుకున్న శారద. అందరూ ఈ చుట్టుపక్కలవాళ్లే. బుర్రిపాలెం ఆటోలో వెళ్లి రాగలిగిన దూరం. దారి పొడుగునా నిమ్మ, అరటి తోటలు. తెనాలి నిమ్మకాయల యార్డు పొద్దున్నే చూడాలి. తడిసిన గోతాలు విప్పగానే లేచే ఘాటుకు గుంటూరు మిర్చియార్డులో పెరిగిన ముక్కు కూడా ఒకసారి ఉలిక్కిపడుతుంది.

సాయంత్రం నాటకం. రామకృష్ణకవి కళాక్షేత్రంలో ఆ రోజు ఏముందో ముందుగా కనుక్కోండి. పోటీలుంటే అదృష్టం. ప్రయాణం చవితి దాకా జరపగలిగితే పందిళ్ల దగ్గర పద్యనాటకం దొరకవచ్చు. రాయబారం సీనులో కృష్ణుడు రాగం అందుకున్నప్పుడు జోరున వాన కొడితే హార్మోనియం వాయించే ఆయన వానకంటే పైకి శ్రుతి లాగుతాడు. జనం కుర్చీలు తలమీద పెట్టుకుని నిలబడతారే గాని కదలరు. నేను కళ్లారా చూశాను.

కాలువ గట్టు

ఇంత చెప్పాక కాలువ దగ్గరకు తీసుకెళ్లక తప్పదు. వెళ్లేముందు ఒక మాట. మా నాయనమ్మ చూసిన కాలువ ఇప్పుడు లేదు. నీళ్లు ఉన్నాయి, పారుతున్నాయి, వానకు ఎర్రగా సుళ్లు తిరుగుతున్నాయి. కానీ గట్టుమీద మెట్లున్న చోట గోడ వచ్చింది, గోడ వెనక ఇంటి పెరడు వచ్చింది, పెరట్లోంచి గొట్టం కాలువలోకి వచ్చింది. గుర్రపుడెక్క ముద్దలు ముద్దలుగా వంతెన కింద చిక్కుకుని, వాటిలో పాల కవర్లు, థర్మాకోల్ పళ్లేలు. ఊరు తనను పెంచిన కాలువకు పెడమొహం పెట్టేసింది. ప్యారిస్ అని పిలిపించుకునే ఊరు ఆ నీళ్ల ఒడ్డున కూర్చోవడానికి నాలుగు బల్లలు వేసుకోకపోవడం చూస్తే గుండె తరుక్కుపోతుంది. పూడిక తీయడం, గట్టు మిగల్చడం, మెట్లు కట్టడం పెద్ద విద్యలేమీ కావు. ఒకప్పుడు బుట్టలతో మట్టి మోసి డెల్టా అంతటా కాలువలు తవ్వినవాళ్ల ఊరిది.

అయినా వెళ్లండి. వాన కాస్త వెలిసిన సాయంత్రం, ఊరు దాటాక దుగ్గిరాల వైపు గట్టు పట్టుకుని నడవండి. ఒక పక్క నిండు కాలువ, ఇంకో పక్క నాటు వేసిన మళ్లు, వాటి మధ్య కొంగలు. అక్కడ కాలువ ఇంకా కాలువలాగే ఉంది.

ఇంకో రోజుంటే

మూడో రోజు చేబ్రోలుకో, భట్టిప్రోలుకో. రెండూ ఒకే రోజు పెట్టుకుని పరుగెత్తొద్దు. వానలో నేనయితే చేబ్రోలే అంటాను. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కోనేరు నడుమ కట్టించిన చతుర్ముఖ బ్రహ్మ గుడి ముసురులోనే చూడాలి. నీళ్లమీద చినుకుల వలయాల మధ్య గుడి తేలుతున్నట్టుంటుంది. అక్కడి భీమేశ్వరాలయం బాగుచేస్తున్నప్పుడు శాతవాహన రాజు విజయుడి శాసనం బయటపడింది. క్రీస్తు శకం 207 నాటిది. దక్షిణ దేశంలో తేదీ చెప్పగలిగిన సంస్కృత శాసనాల్లో అదే మొదటిదని 2019 చివర్లో పురావస్తుశాఖ ప్రకటించింది. సప్తమాతృకల ప్రస్తావన కూడా అందులో ఉంది. మనం నాలుగు రూపాయల నిమ్మకాయల కోసం దాటిపోయే ఊళ్లో పద్దెనిమిది వందల ఏళ్లనాటి రాయి.

భట్టిప్రోలుకు రేపల్లె రైలు ఎక్కాలి. జంపని, వేమూరు, పెనుమర్రు దాటాక వస్తుంది. స్తూపం దగ్గర 1892లో అలెగ్జాండర్ రే తవ్వి తీసిన ధాతు పేటికలమీది బ్రాహ్మి అక్షరాలకు లిపుల చరిత్రలో ఒక ప్రత్యేక పేరే ఉంది. ఎండ మొహంలేని రోజుల్లో ఆ మట్టిదిబ్బ మీద గడ్డి మోకాళ్ల దాకా ఉంటుంది, పాములుంటాయి. బూట్లు వేసుకోండి.

సామాను గురించి ఎక్కువ చెప్పను. హవాయి చెప్పులొద్దు, వీపంతా బురద చిమ్ముతుంది. గొడుగు మనిషికొకటి. మార్చుకునే బట్టలు యూరియా గోతం లోపలి కవరులో చుట్టుకోండి. దాన్ని మించినది ఏ కొట్లోనూ అమ్మరు. చుట్టాలుంటే రెండు శేర్ల ఎండుమిరపకాయలు పట్టుకెళ్లండి. తిరుగు టికెట్టు మాత్రం ముందే తీసుకోండి. మఖ వస్తే నారు ఆగదు.

నేను తిరిగొచ్చే పొద్దున తెనాలి స్టేషన్లో పైన రేకులమీద వాన హోరున పడుతోంది. నా చేతి సంచిలో జిలేబీ పొట్లం, నిమ్మకాయలు. ఎదుటి ప్లాట్‌ఫారం మీదకు గుంటూరు నుంచి పాసింజరు వచ్చి ఆగింది. ఒక పెద్దావిడ కొంగు తలమీద వేసుకుని, మెట్టు మెట్టుగా దిగి, లోపలున్న మనవడి చేతుల్లోంచి గుడ్డ మూట అందుకుంది. మూట చంకకెత్తుకుంటుంటే ముడి కాస్త సడలింది. వెనకాలే దిగుతున్న కుర్రాడు గట్టిగా రెండు తుమ్ములు తుమ్మాడు.

"మెల్లిగా నాయనా, కొత్త కాయ" అంది ఆవిడ, ముడి బిగిస్తూ.